అమ్మకానికి కాదు
(జైపూర్‌లో మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి "నీ రికార్డుల పిచ్చి గురించి ఒక పావుగంట మాట్లాడు" అన్నారు. సింగరేణిలో ఎలక్ట్రీషియన్‌గా ముప్పై మూడేండ్లు చేసి దిగిపోయినవాణ్ని. మోటార్లతో మాట్లాడడం వచ్చుగానీ మైకు ముందు మాట్లాడడం రాదు. అందుకే కాగితం మీద రాసుకొచ్చాను. చూసి చదువుతున్నందుకు మా తెలుగు సారు కోప్పడొద్దు.

నా దగ్గర ఏడు రికార్డులున్నాయి. ఏడింటిలోనూ ఉన్నది ఒకే పాట. ఇంట్లో వాళ్లు, చుట్టాలు, పెన్షన్ ఆఫీసులో కలిసిన మిత్రులు అందరూ ఒకటే అడుగుతారు: "ఒక్క పాటకు ఏడు ప్లేట్లెందుకు? ఒకటి చాలదా?" దానికి జవాబు ఈ బడిలోనే ఉంది. ఇన్నాళ్లూ చెప్పలేదు. ఈ రోజు చెప్తాను. ముందు ఆ పాట సంగతి వినండి.

1975లో నేను పదో తరగతి. మన సంఘం పుట్టిన సంవత్సరం కూడా అదే. అప్పుడు మన బడికి కరెంటు లేదు. ఇప్పుడు మన జైపూర్ ప్లాంటులో 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. ఇక్కడ పుట్టిన కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. ఆ రోజుల్లో మన కింది నుంచి బొగ్గు పోయేది, మనం మాత్రం కందిలి కింద చదువుకునేవాళ్లం.

మా ఇంగ్లీషు సారుది సికింద్రాబాద్. ఆయన దగ్గర హ్యాండిల్ తిప్పే గ్రామఫోను ఉండేది. సూట్‌కేసులాంటి నల్ల పెట్టె. శనివారం ఆఖరి పీరియడ్‌లో తీసుకొచ్చి బల్ల మీద పెట్టి, మీద కప్పిన ఎర్రబట్ట తీసేవారు. ఇంగ్లీషు చెవిన పడాలని ఆయన తాపత్రయం. కీ ఇచ్చే పని నాది. అల్మారా తాళంచెవి మా క్లాస్ లీడర్ దగ్గర. ఒక్కో వైపు పాడాక ఇనుప ముల్లు మార్చాలి. ఒక ముల్లు ఒక్కసారికే. రెండోసారి వాడితే ప్లేటు గాడి చెడిపోతుందని సారు కఠినంగా చెప్పేవారు.

సారు దగ్గర పది పన్నెండు ప్లేట్లుండేవి. ఘంటసాల పద్యాలూ ఉండేవి. వాటిలో ఒకటి బీటిల్స్ పాట, "ఎ హార్డ్ డేస్ నైట్". పాట మొదట్లో గిటార్ల మోత ఒక్కటి ఠంగున మోగుతుంది, తలుపు తోసుకొచ్చినట్టు. మొదటిసారి విన్నప్పుడు ప్లేటు పగిలిందేమో అనుకున్నాం. సారు నవ్వి, పేరుకు అర్థం చెప్పారు: ఒళ్లు హూనమయ్యేలా పనిచేసిన పగటి తర్వాత వచ్చే రాత్రి అని. ఆ బృందంలో డ్రమ్స్ వాయించే రింగో స్టార్ నోట యథాలాపంగా దొర్లిన మాటట అది. అదే పాటకూ, సినిమాకూ పేరైంది.

నాకు వెంటనే మా బాపు యాదికొచ్చాడు. బాపు మందమర్రిలో బొగ్గుబాయి పని. వారానికోసారి ఇంటికొచ్చేవాడు. రాత్రి డ్యూటీలు చేసి చేసి, ఇంటికొచ్చినా పగలు పడుకుని రాత్రి కండ్లు తెరుచుకుని కూర్చునేవాడు. ఎక్కడో ఇంగ్లండులో నలుగురు పిల్లగాండ్లు బాపు గురించి పాట కట్టారని నాకనిపించింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, పదిహేనేండ్ల వయసులో అది నిజం.

ఇక్కడ కొంచెం రికార్డుల సంగతి చెప్పాలి. ఈ పాటను లండన్‌లో 1964 ఏప్రిల్ 16న రికార్డు చేశారు. జూలై 10న అక్కడ విడుదలైంది. అక్కడ వచ్చింది ఏడంగుళాల వినైల్ ప్లేటు, నిమిషానికి 45 చుట్లు తిరిగేది. పాత 78 చుట్ల ప్లేట్లు అక్కడ 1960 నాటికే దాదాపు ఆగిపోయాయి. మన దేశంలో మాత్రం కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు బీటిల్స్ పాటల్ని కూడా 78 ప్లేట్ల మీద వేశారు. ఎందుకంటే, మన ఇండ్లల్లో కరెంటు లేదు, హ్యాండిల్ తిప్పే పెట్టెలే ఎక్కువ. మన లేమి వల్ల పుట్టిన ఆ ప్లేట్ల కోసం ఈ రోజు ప్రపంచమంతా వెతుకుతున్నారు. బీటిల్స్ రికార్డులు సేకరించేవాళ్లలో "ఇండియన్ 78" అంటే తెలియనివాళ్లు తక్కువ.

ఆ ప్లేటు దేనితో చేస్తారో తెలుసా? లక్కతో. మన అడవిలో మోదుగు చెట్టు మీద, రేగు చెట్టు మీద పట్టే లక్క. ఒకప్పుడు ప్రపంచంలో రికార్డులకు కావలసిన లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే పోయేది. అందులో రాతిపొడి కలుపుతారు. నల్లరంగుకు మసి కలుపుతారు. మోదుగు లక్క, రాయి, మసి! మన జైపూర్‌లో లేనిది అందులో ఏముంది చెప్పండి? కానీ దానికి ఒక గుణం ఉంది. వంగదు, విరుగుతుంది. చేయి జారిందంటే మట్టికుండే.

ఇక నా సంగతి.

ఒక శనివారం బాపు ఇంటికొచ్చి ఉన్నాడు. ఆ పాట బాపుకు వినిపించాలని నాకు పట్టరాని కోరిక. ఇందారంలో మైకు సెట్టు ఆయన దగ్గర బ్యాటరీ మీద ప్లేట్లు పాడించే మిషను ఉండేది. ఆయన్ను బతిమాలుకున్నాను. ముందు ప్లేటు చేర్చి, తర్వాత బాపును తీసుకపోదామనుకున్నా. సారును అడిగితే ఇచ్చేవారేమో. అడగలేదు. బడి వదిలాక అల్మారా ఇంకా తాళం వేయకముందే ప్లేటు తీసి, గ్రామఫోను మీది ఎర్రబట్టలో చుట్టి, సైకిల్ కేరేజీకి కట్టుకుని పోయాను. కంకర రోడ్డు. గుంతలో చక్రం పడింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. విప్పి చూస్తే మూడు ముక్కలు. కల్వర్టు కింద పారేసి ఇంటికొచ్చాను. బట్ట మాత్రం సోమవారం పొద్దున్నే తెచ్చి మళ్లీ పెట్టె మీద కప్పాను.

ఆ రోజు సారు క్లాసులో అడిగారు, "ప్లేటు ఎవరు తీశారు?" అని. ఎవ్వరూ మాట్లాడలేదు. తాళంచెవి మా లీడర్ దగ్గర కదా, అందరూ అతని వైపు చూశారు. అతను "నాకు తెల్వద్ సార్" అన్నాడు. నేను తల దించుకుని నేల చూస్తున్నా. సారు కొట్టలేదు, తిట్టలేదు. చేయి చాపి "తాళంచెవి ఇటివ్వు" అన్నారు. అంతే. కొడితే సాయంత్రానికి మరిచిపోయేవాళ్లం. ఆ తాళంచెవి ఇవ్వడం మాత్రం నేను మరిచిపోలేదు. అతను తర్వాత వెనక బెంచీకి పోయాడు. పదో తరగతితో చదువు ఆపేశాడు. బదిలీ ఫిల్లర్‌గా బాయిలో చేరాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని చెప్పలేను. లేదని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఆ తర్వాతి ఏడు సారు బదిలీ మీద వెళ్లిపోయారు. నేను ఐటీఐ చేసి ఉద్యోగంలో చేరాను. మొదటి జీతంతో ఆ ప్లేటు కొని సారుకు పంపుదామనుకున్నా. హైదరాబాద్ పోయి అడిగితే దుకాణం ఆయన నవ్వాడు. అప్పటికి 78లు అమ్మడం ఆగిపోయి ఏండ్లయింది. అట్లా మొదలైంది వెతుకులాట. సేకరణ అని దానికి మీరు పెట్టిన పేరు. నాకది బాకీ.

బాకీ తీరే ప్లేటు దొరకలేదు గానీ దాని అన్నదమ్ములు ఒక్కొక్కటే దొరికాయి. ఇంగ్లండు ప్లేటు దొరికింది. పార్లోఫోన్ నల్ల లేబుల్, నంబరు ఆర్ 5160. అమెరికాది మా అమ్మాయి డల్లాస్ నుంచి పంపింది. కేపిటల్ కంపెనీ, నారింజ, పసుపు రంగులు సుడి తిరిగినట్టుండే లేబుల్, నంబరు 5222. పాట ఒకటే, వెనక వైపు పాటలు వేరు. ఇంగ్లండు ప్లేటుకు మధ్యలో చిన్న రంధ్రం, చుట్టూ తోసి తీసేసే ముక్క ఉంటుంది. అమెరికా ప్లేటుకు మొదటి నుంచే పెద్ద రంధ్రం. హోటళ్లలో పైసలు వేస్తే పాడే జ్యూక్‌బాక్సులకు కూడా ఆ ఏర్పాటు అనువు. జర్మనీలో ఓడియన్ లేబుల్ మీద వచ్చింది ఒకటి. పాటకు ఇరవై ఏండ్లు నిండాయని 1984లో బొమ్మ అచ్చేసిన ప్లేటు ఒకటి. 1980ల చివర వచ్చిన మూడంగుళాల సీడీ ఒకటి. అది అరచేతిలో అప్పచ్చిలా ఉంటుంది. 1990లలో కేపిటల్ వాళ్లు రంగు వినైల్ మీద వేసి, "జ్యూక్‌బాక్సులకు మాత్రమే" అని లేబుల్ మీద అచ్చు కొట్టింది ఇంకొకటి.

ఈ ఆఖరి ప్లేటు చూశాకే నాకు ప్రచార కాపీల మీద గురి కుదిరింది. దుకాణంలోకి రాకముందే, రేడియో వాళ్లకూ పత్రికల వాళ్లకూ ఊరికే పంచే కాపీలు ఉంటాయి. కొన్నిటికి తెల్ల లేబుల్ ఉంటుంది. కొన్నిటి మీద పాడించాల్సిన వైపు పెద్ద "ఎ" అక్షరం ఉంటుంది. దాదాపు అన్నిటి మీదా ఒకే మాట ఉంటుంది: "అమ్మకానికి కాదు." సీడీలు వచ్చాక కూడా అంతే. పలచటి అట్ట కవరు, ఒకే పాట, "ప్రచారానికి మాత్రమే" అన్న అచ్చు.

బీటిల్స్ మొదటి పాట "లవ్ మి డూ" 1962లో వచ్చినప్పుడు అట్లాంటి కాపీలు 250 దాకా వేశారు. లేబుల్ మీద మెకార్ట్‌నీ పేరు స్పెల్లింగు కూడా తప్పుపడింది. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే పారేసే వస్తువే కదా. ఇప్పుడు ఆ తప్పు ఉన్న ప్లేటు ధర మన గ్రాట్యుటీతో తూగుతుంది. నా దగ్గర లేదు, ఉండదు కూడా.

మన దేశంలోనూ ఇట్లాంటిదే ఒకటి జరిగింది. సిమ్లా సిగరెట్ల ప్రచారానికి ఇంపీరియల్ టొబాకో వాళ్లు దేశమంతటా రాక్ బృందాలకు పోటీలు పెట్టి, 1970లో, 1971లో ఆ పాటలతో ఎల్పీ రికార్డులు వేశారు. సిగరెట్టు పొగలాగా పోవలసినవి. ఎవరో దాచుకున్నారు కాబట్టి మిగిలాయి. విదేశాల్లో మళ్లీ అచ్చేశారు. ఆనాటి మద్రాసు, బెంగళూరు, షిల్లాంగ్ కుర్రవాళ్లు ఎట్లా వాయించారో ఈ రోజు మనకు తెలిసేది వాటి వల్లనే.

ఒక ప్రచార రికార్డు గురించి చదివి మాత్రం నాకు రాత్రి నిద్ర పట్టలేదు. "ఎ హార్డ్ డేస్ నైట్" సినిమా కోసం యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్లు అమెరికా రేడియో స్టేషన్లకు ఒక ఇంటర్వ్యూ ప్లేటు పంపారు. అందులో బీటిల్స్ చెప్పే జవాబులే ఉంటాయి. ప్రశ్నలుండవు. ప్రశ్నల కాగితం విడిగా వస్తుంది. ప్రతి ఊళ్లో రేడియో ఆయన ప్రశ్న చదివి ఆగితే, ప్లేటు జవాబు చెప్తుంది. వినేవాళ్లకు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. నా సంగతి దానికి తలకిందులు. సారు అడిగిన ప్రశ్న నా చెవుల్లో అట్లనే ఉంది. జవాబు రావలసిన చోట ఖాళీ తిరుగుతోంది.

అసలు ప్లేటు 2011లో దొరికింది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో, ఒక గురువారం పొద్దున. నాటక పద్యాల ప్లేట్ల కట్టలో, కింద నుంచి మూడోది. అమ్మే ఆయన కట్ట మొత్తానికి ధర చెప్పాడు. బేరమాడలేదు. నా చేతులు వణుకుతుంటే "ఏమైంది సాబ్, చక్కెర పడిపోయిందా" అని మంచినీళ్లిచ్చాడు. దాని అంచున వెంట్రుకవాసి చీలిక ఉంది. ముల్లు దాని మీద నుంచి పోయినప్పుడల్లా టిక్కుమంటుంది. నిమిషానికి 78 టిక్కులు. పాట రెండున్నర నిమిషాలు. లెక్కల సార్లు ఉన్నారు, గుణించుకోండి.

సారు చిరునామా పట్టుకుని వెళ్లాను. ఆయన పోయి అప్పటికే మూడేండ్లయింది. ఇంటామెకు దండం పెట్టి, ఫలానా బడి విద్యార్థినని మాత్రం చెప్పి వచ్చేశాను. ప్లేటు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆమె చాయ్ ఇచ్చింది.

మిగిలింది మా లీడర్. పద్నాలుగేండ్లు వాయిదా వేశాను. బాయిలో, బజారులో, పెండ్లిండ్లలో ఎన్నిసార్లు ఎదురుపడ్డామో. ఈ సభకు మాట్లాడమన్నాక, అతనికి చెప్పకుండా ఇక్కడ నిలబడలేననిపించింది. నిన్న రాత్రి ఇంటికి పోయి, ప్లేటు ముందు పెట్టి, అంతా చెప్పాను. అతని అనుమతితోనే ఇప్పుడు మీకు చెప్తున్నా. అతను మూడో వరసలో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మా బ్యాచ్ వాళ్లకు ఎట్లాగూ తెలుసు.

అతనన్న మాట మీకు చెప్పాలి.

"గది నువ్వేనని నాకు అప్పుడే ఎర్కరా. నీ సైకిల్ కేరేజీకి ఎర్రబట్ట కట్టుంటే సూసిన."

"మరి సారుకెందుకు చెప్పలే?"

"చెప్తే నీ చేతిల హ్యాండిల్ పోతుండె. నా తాళంచెవి ఎట్లాగు పాయె. ఇద్దరికి పోవుడెందుకు?"

"నా మీద కోపం లేదా?"

"ఉండె. బాయిల దిగినంక గదంత యాదికుంటదా? కని, ఒక్కసారన్న నువ్వొచ్చి చెప్తవనుకున్న."

ఇంకేం మాట్లాడలేకపోయాను. అతని భార్య అన్నం పెట్టింది, తిని వచ్చాను.

సేకరణ గురించి మాట్లాడమంటే దొంగతనం గురించి మాట్లాడానని కార్యదర్శి గారు అనుకోవచ్చు. నాకు మాత్రం రెండూ ఒకటే కథ. ఇన్నేండ్లలో నేను తెలుసుకున్నది ఇది. కొన్న వస్తువును మనం దాచుకుంటాం, ఖరీదు పెట్టాం కాబట్టి. ఊరికే వచ్చినదాన్ని చులకనగా చూస్తాం. అమ్మకానికి కానిది మిగలాలంటే, ఎవరో ఒకరు అది నాది అనుకోవాలి. సారు సొంత ప్లేట్లు తెచ్చి మనకు వినిపించారు. జీతంలో దానికి పైసా రాదు. నా మిత్రుడు నోరు మూసుకుని నా తప్పు మోశాడు. దానికీ ధర లేదు. వీటిని నేను యాభై ఏండ్లు పట్టించుకోనట్టు బతికాను.

చివరగా మూడు మాటలు.

ఒకటి, ఇంట్లో పాత ప్లేట్లున్నవాళ్లకు. పడుకోబెట్టి దొంతర వేయకండి, నిలబెట్టండి. మన మే నెల ఎండలో వినైల్ వంకర పోతుంది, గోడ పక్కన నీడలో ఉంచండి. బొగ్గుపొడి గాడిలో చేరితే ముల్లు దాన్ని రుద్ది గాడిని కొరుకుతుంది, మెత్తటి బ్రష్షుతో దులిపాకే పాడించండి. 78 ప్లేటును మాత్రం స్పిరిట్‌తో తుడవకండి. లక్క అందులో కరిగిపోతుంది. ఒక మంచి ప్లేటు నేనట్లనే పాడుచేసుకున్నాను.

రెండు, సంఘానికి. మన బడి పాత పత్రికలు, ఆటల పోటీల ఫోటోలు, వార్షికోత్సవాల క్యాసెట్లు మీ ఇండ్లల్లో అటక మీదున్నాయి. అవి కూడా అమ్మకానికి కానివే. తెచ్చి ఇవ్వండి. ఒక అల్మారా నేను చేయించి ఇస్తాను. అందులో మొదటి వస్తువుగా ఈ ప్లేటు పెడుతున్నాను. దానికి కవరు మీద సారు పేరు రాశాను.

మూడు, ఆ అల్మారా తాళంచెవి. అది ఇదిగో. మూడో వరసలో ఉన్న మా లీడర్‌కు హెడ్‌మాస్టరు గారి చేతుల మీదుగా ఇప్పించమని కోరుతున్నాను. అతను వద్దంటాడు. బలవంతంగా ఇవ్వండి.

గ్రామఫోను బల్ల మీద ఉంది. కొత్త ముల్లు పెట్టాను. కరెంటు అక్కర్లేదు. ఈసారి హ్యాండిల్ అతను తిప్పాలి. మధ్యలో టిక్కుటిక్కుమంటే ఏమనుకోకండి, అది ప్లేటులో చీలిక.

సెలవు.